సన్యాసమ్మకి తొక్కే బ్రేకు

రాజులు పోయి రాజుల కార్లు మాత్రం మిగిలిన కాలంలో, సముద్రం ఒడ్డున ఒక రేవు ఉండేది. రేవు వెనక కొండ. కొండ మీద సంత. రేవుకీ సంతకీ మధ్య పదకొండు మలుపుల రోడ్డు. ఎన్నేళ్ళ కిందటి మాట అని నన్ను అడగకండి. అడిగినవాళ్ళకి రేవులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు.

పట్నంలో ముసలివైపోయిన కార్లన్నీ ఆ రేవుకి చేరేవి. పట్నంలో వాటిని చూసి నవ్వేవారు. రేవులో పసుపు రాసి బొట్టు పెట్టేవారు. పొద్దున్నే చేపల తట్టలతో కొండెక్కేవి. మధ్యాహ్నం చింతపండుతో, పసుపుకొమ్ములతో, మనుషులతో దిగేవి. నలుగురు కూర్చునే కారులో పన్నెండుమంది. డ్రైవరు సగం లోపల, సగం బయట.

ఆ డ్రైవర్లందరూ పడవలవాళ్ళ కొడుకులు. తండ్రులు పడవ నడిపారు, కొడుకులు కారు నడిపారు. పడవకి ఏమేం చేసేవారో కారుకీ అవన్నీ చేసేవారు. పడవకి పేరు పెట్టినట్టే కారుకి పేరు పెట్టారు. పడవకి కళ్ళు గీసినట్టే కారుకి కళ్ళు గీశారు. పడవకి అమావాస్య స్నానం ఉంది కనక కారుకీ అమావాస్య స్నానం పెట్టారు. ప్రతి అమావాస్యకీ కార్లని వరసగా ఉప్పుటేట్లోకి దింపి, పొట్ట మునిగేదాకా నిలబెట్టి, అడుగంతా ఉప్పునీళ్ళు చిమ్మి కడిగేవారు. ఉప్పునీళ్ళు తగిలితే పడవ చెక్కకి ఆయుష్షు. అది అబద్ధం కాదు. మంచినీళ్ళలో పుచ్చిపోయే చెక్క ఉప్పునీళ్ళలో ఏళ్ళకేళ్ళు నిలుస్తుంది.

కాని కారు చెక్క కాదు కదా అంటారు మీరు. ఇప్పుడు మీకూ నాకూ తెలుసు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చదివాను. తుప్పు గురించి మా మాస్టారు రెండు రోజులు పాఠం చెప్పాడు. సుద్దముక్కలు నాలుగు అరిగిపోయాయి. ఆయన సైకిలు మాత్రం నిలువునా తుప్పు పట్టి ఉండేది, ఆ సంగతి ఆయనకి పట్టేది కాదు. నేనూ పరీక్షలో ఆ జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. నేల మీద చుక్క చూసి ఇనుము రోగం చెప్పడం మాత్రం ఆయనకీ రాదు, నాకూ రాదు. ఆ విద్య సన్యాసమ్మది.

సన్యాసమ్మ కార్ల స్టాండు ఊడ్చే మనిషి. చిన్నతనంలో ఉప్పుమళ్ళలో పనిచేసింది. మొగుడు తుపానులో పోయాడు. ఎర్రయ్య అని ఒక తమ్ముడున్నాడు. తల్లి పోయిన నాటినుంచి వాణ్ణి సన్యాసమ్మే పెంచింది. వాడూ డ్రైవరే. స్టాండు ఊడ్చినందుకు ఒక్కో కారువాడూ గుప్పెడు చేపలు వేసేవాడు. ఆ చేపలు పులుసు కాచి, అందులో పెద్ద ముక్క ఎర్రయ్యకి పెట్టేది.

ఆమెకి కాలు నిలవదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే నడుస్తుంది, నడుస్తూ వెనక్కి చూస్తుంది. ఆ రేవులో గాలి కూడా అంతే, ఏ వేళా నిలవదు. "గాలికీ సన్యాసమ్మకీ పుట్టుకతోనే పోటీ" అని డ్రైవర్లు వేళాకోళం చేసేవారు.

కారు వెళ్ళిపోయాక అది నిలబడ్డ చోట మరకలుంటాయి. సన్యాసమ్మ వాటిని చూసి ఊడ్చేది. నల్లగా జిగురుగా ఉంటే ఇంజను నూనె. ఉత్త తడి అయితే నీళ్ళు. ఏ కారుది ఏ మరకో ఆమెకి తెలుసు.

ఒకనాడు గరికయ్య కారు నిలబడ్డ చోట కొత్త చుక్క కనబడింది. అది వెనక చక్రం దగ్గర ఉంది. నలుపు కాదు, నీళ్ళు కాదు. పల్చగా, ఆముదంలా మెరుస్తోంది. వేలితో అద్ది చూసి, ఆ వేలు తన రేకు పెట్టెకి రాసింది. కాసేపటికి పెట్టె మీది ఆకుపచ్చ రంగు లేచి వచ్చేసింది.

సాయంత్రం గరికయ్య వచ్చాడు.

"ఒరే గరికా, నీ బండి కింద సుక్క పడిందిరా. రంగు తినేసే సుక్క."

"ముసిల్ది గదప్పా, సొంగ కారుస్తాది" అన్నాడు గరికయ్య. స్టాండంతా నవ్వింది.

మర్నాడు కొండ దిగుతుంటే నాలుగో మలుపులో గరికయ్య కాలు బ్రేకుతో సహా అడుగుకి పోయింది. కారుని కొండవైపుకి తిప్పి రాసేశాడు. పసుపుకొమ్ములు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. గరికయ్య ముందుపళ్ళు రెండు ఊడాయి.

"దిష్టి తగిలింది. ఉప్పునీళ్ళు సరిగ్గా పట్టించలేదు" అన్నారు పెద్దలు. గరికయ్య కారుకి రెండు స్నానాలు చేయించారు.

నెల తిరక్కుండా సూరన్న కారు కింద అదే చుక్క పడింది. వెనక చక్రం దగ్గరే.

"సూరన్నా, నీ బండికీ అదే సుక్క. ఇయ్యాల ఎల్లకు."

సూరన్న మంచివాడు, నవ్వలేదు. మూత తీసి చూశాడు. బ్రేకాయిలు తగ్గింది. సీసాడు పోశాడు. "పోసేసేను గదప్పా. నువ్వు కూకో" అన్నాడు.

ఆమె కూర్చుంటే కదా. కూర్చుంటే లేచింది, లేస్తే నడిచింది, నడుస్తూ వెనక్కి చూసింది. పొద్దు వాలేదాకా రోడ్డు మొదట్లో తిరుగుతూనే ఉంది. సూరన్న రాలేదు. ఏడో మలుపు దగ్గర రోడ్డు పక్క పొదలు విరిగి ఉన్నాయి. దాని కింద లోయ.

మూడోనాడు కారుని తాళ్ళతో పైకి లాగి, తెచ్చి స్టాండులో బోర్లా పడేశారు. అందరూ కారు ముఖానికున్న కళ్ళు చూసి ఏడ్చారు. సన్యాసమ్మ మాత్రం పొట్ట చూసింది. పొట్ట కింద ఒక సన్నటి పైపు, గుమ్మడి తీగంత లావున, ముందునుంచి వెనక చక్రాలదాకా పాకింది. పైపు అక్కడక్కడ పుండులా ఉబ్బి ఉంది. ఉబ్బుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. గోటితో నొక్కితే మరమరాల్లా పొడి అయిపోయింది. దాని చుట్టూ అదే చుక్క, ఆముదంలా.

అప్పుడామెకి ఉప్పుమళ్ళు గుర్తొచ్చాయి. అక్కడ ఇనప పారని ఎవరూ మడిలోకి దించరు. దించితే ఒక్క ఏడాదిలో ఎర్రగా రాలిపోతుంది. చెక్క పలకతోనే ఉప్పు గీస్తారు. అది తాతల నాటిదైనా పనిచేస్తుంది.

రేవంతా పోయిన సూరన్న కోసం కూడి ఉంది. పెద్దాయన ఒకాయన లేచి, "సముద్రం అలిగింది. ఇకనుంచి నెలకి రెండు స్నానాలు" అన్నాడు.

"వద్దు" అంది సన్యాసమ్మ. "పడవ సెక్క. బండి ఇనుము. సెక్కకి ఉప్పు తల్లి. ఇనుముకి ఉప్పు సవితి తల్లి."

"స్టాండు ఊడుసుకునే దానివి, నీకేటి తెలుసే?"

"ఊడుసుకుంటాను గనకే తెలిసింది. మీరు బండి పైన సూస్తారు, నాను కింద సూస్తాను."

ఎవరూ వినలేదు. అందరికంటే ముందు వినంది ఎర్రయ్య. "అయ్య పడవని ఉప్పునీళ్ళతోనే కడిగేడు. ఆడిది ముప్ఫైయేళ్ళు నిలబడింది. నీ మాట ఇని అయ్యని తప్పంతానా?" అన్నాడు. పున్నమినాడు కారుని ఏట్లో దింపాడు. అమావాస్యనాడు మళ్ళీ దింపాడు.

సంతరోజు వచ్చింది. తెల్లారి ఎర్రయ్య చేపల తట్టలు వేసుకుని కొండెక్కాడు. కారు వెళ్ళాక ఊడ్చుదామని సన్యాసమ్మ వంగింది. వెనక చక్రం నిలబడ్డ చోట చుక్క ఉంది. ఒకటి కాదు, మూడు.

చీపురు అక్కడే పడేసింది.

కారు ఎక్కేటప్పుడు భయం లేదు, దిగేటప్పుడే. దిగేలోగా పైకి చేరాలి. రోడ్డు చుట్టు తిరిగి వెళుతుంది. కట్టెలవాళ్ళు నడిచే కాలిదారి ఒకటి నిటారుగా పైకి పోతుంది. ఆ దారి పట్టింది. దాహమేసింది, ఆగలేదు. ముల్లు దిగింది, ఆగలేదు.

ఎదురుగా కట్టెలమోపుతో ఒకామె దిగుతోంది. "ఏటప్పా ఆ పరుగు? మొగుడు తరిమేడేటి?"

"మొగుడు ఏనాడో పోయేడు. తమ్ముణ్ణి తరమాల" అని ఆగకుండానే జవాబు చెప్పింది.

కొండమీదికి చేరేసరికి ఎర్రయ్య కారు నిండిపోయింది. పన్నెండుమంది. అందులో ఒడిలో పిల్లలున్న తల్లులు ముగ్గురు. ముందు సీట్లో చింతపండు వర్తకుడు. ఇంజను ఆడుతోంది. చక్రాల ముందు రాళ్ళు ఇంకా తియ్యలేదు. సన్యాసమ్మ వెళ్ళి ఆ రాళ్ళ ముందు, నేల మీద కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె కూర్చుని లేవకపోవడం అదే మొదటిసారి.

"అప్పా! నువ్వేటి ఇక్కడ? లెగు."

"సుక్క పడిందిరా. మూడు సుక్కలు. దిగకు."

"ఇప్పుడే తొక్కి సూసేను. గట్టిగుంది. లెగప్పా, జనం సూత్తన్నారు."

"సూడనీ."

వర్తకుడు తల బయటపెట్టాడు. "ఏమయ్యా, మీ అప్పా తమ్ముళ్ళ గొడవ రేవులో చూసుకోండి. నా సరుకు ఎండిపోతోంది."

"సింతపండు ఎండితే నష్టమేటి బాబూ, మనిసి ఎండితే గాని" అంది సన్యాసమ్మ. వెనక తల్లులు కిసుక్కున నవ్వారు. ఎర్రయ్య ముఖం ఎర్రబడింది.

"ఏటి సెయ్యమంతావు నన్ను?"

"తొక్కు. మెల్లగా కాదు. దున్నపోతు అడ్డమొచ్చినట్టు తొక్కు."

ఎర్రయ్య తొక్కాడు. రాయిలా నిలబడింది బ్రేకు. "సూసేవా?"

"ఇంకోపాలి."

రెండోసారి తొక్కాడు. అదీ రాయిలాగే నిలబడింది. కారులో అందరూ నవ్వారు. "పోనీయ్ ఎర్రయ్యా, మీ అప్పకి ఎండ తగిలింది" అన్నారెవరో.

"ఇంకోపాలి" అంది సన్యాసమ్మ.

ఎర్రయ్యకి పట్టరాని కోపం వచ్చింది. పెంచిన చెయ్యి, పదిమందిలో పరువు తీసింది. సీటుకి వీపు ఆనించి, పళ్ళు బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా కాల్లోకి తెచ్చి మూడోసారి తొక్కాడు.

కారు పొట్ట కింద ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. ఎర్రయ్య కాలు అడుగుదాకా పోయింది. వెనక చక్రం దగ్గర సన్నటి ధార దుమ్ములోకి కారింది.

ఇంజను ఇంకా ఆడుతోంది. ఎర్రయ్య దాన్ని ఆపాడు. అందరికంటే ముందు కారు దిగినవాడు చింతపండు వర్తకుడు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ఒకరి తరవాత ఒకరు దిగారు. ఆ రోజు పన్నెండుమందీ పదకొండు మలుపులూ నడిచి దిగారు. ఏడో మలుపు దగ్గర అందరూ రోడ్డుకి ఇవతలి పక్కకి ఒదిగి నడిచారు. అలా ఒదగమని ఎవరూ చెప్పలేదు.

అందరికీ వెనకగా అక్కాతమ్ముడు.

"ఏడుస్తావేటిరా? బతికేవు గదా" అంది సన్యాసమ్మ.

"మొదటిపాలి నీ మాటకి తొక్కేనప్పా. రెండోపాలి జనం కోసం తొక్కేను. మూడోపాలి నీమీద కోపంతో తొక్కేను. కోపం రాకపోతే రెండుతోనే ఆగిపోదును. ఆగి, దిగిపోదును."

"అయితే నా మీద రోజూ కోపం తెచ్చుకో" అంది.

ఆ పై అమావాస్యకి ఎర్రయ్య కారుని ఏట్లోకి దింపలేదు. నూతినుంచి మంచినీళ్ళు తోడి, ఒడ్డునే కడిగాడు. సముద్రం ఏమంటుందోనని రేవంతా నెలరోజులు కాచుకుని చూసింది. సముద్రం ఏమీ అనలేదు. పడవల పనే దానికి బోలెడుంది. ఒక్కొక్కరే కార్లు తోలుకుని నూతి దగ్గరికొచ్చారు. పాత పైపులు పీకి కొత్తవి వేయించారు.

ఆ తరవాత కూడా సన్యాసమ్మ కొన్నేళ్ళు బతికింది. ఏ చుక్క చూసినా నిద్రపోయేది కాదు. ఉత్త నీళ్ళ చుక్కకి కూడా డ్రైవర్ల ఇళ్ళకి వెళ్ళి తలుపు కొట్టేది. విసుక్కునేవారు, అయినా లేచి వచ్చి చూసుకునేవారు. ఒక వానాకాలం జ్వరం వచ్చి నాలుగురోజుల్లో పోయింది. మంచంలో కూడా కాళ్ళు కదుపుతూనే ఉందని చెబుతారు.

ఆమెని ఇసకలో పెట్టిన మర్నాడు సంత. పైన ఎర్రయ్య కారు నిండింది. రాళ్ళు తియ్యబోయేముందు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. తరవాత మూడుసార్లు తొక్కాడు. మూడోది ఒళ్ళు విరిగేలా తొక్కాడు. వెనక కారులో ఉన్న గరికయ్య అది చూసి, తనూ తొక్కాడు. గరికయ్య వెనకవాడూ తొక్కాడు. ఆ రోజు కొండమీద కార్లన్నీ తొక్కి దిగాయి.

ఇప్పటికీ అంతే. ఆ కొండ దిగే ఏ బండైనా పైన ఆగుతుంది. మొదటి తొక్కు కాలికి, రెండో తొక్కు బండికి, మూడో తొక్కు సన్యాసమ్మకి. తొక్కకుండా దిగబోతే ఎక్కినవాళ్ళు ఊరుకోరు. "సన్యాసమ్మకి తొక్కేవా?" అని అడుగుతారు. మొగుడు ఇంట్లో కోపంగా గిన్నె నేలకేసి కొట్టినా ఆ రేవు ఆడవాళ్ళు ఆ మాటే అంటారు: "సన్యాసమ్మకి తొక్కినట్టు తొక్కేవు, ఇంక సాలు."

ఆమధ్య పనిమీద నేనా కొండెక్కాల్సి వచ్చింది. కారు కొత్తది. ముందు పలకలా ఒక తెర, దాని మీద ఏవేవో దీపాలు. దిగేటప్పుడు డ్రైవరు కుర్రాడు కొండకొమ్మున ఆపి మూడుసార్లు తొక్కాడు.

"సన్యాసమ్మ ఎవరో తెలుసా బాబూ?" అన్నాను.

"తెలీదండి. ఎవరో మా పెద్దామంట" అన్నాడు.

అద్దంలో వెనకసీటు కనబడుతోంది. ముసలావిడ ఒకామె, ఇద్దరు కాలేజీ పిల్లలు, చంకలో బిడ్డతో ఒక తల్లి. కుర్రాడు మూడోసారి తొక్కినప్పుడు వాళ్ళందరి కాళ్ళూ కిందనున్న రేకుని గట్టిగా తొక్కిన చప్పుడు వినబడింది. నా కాలూ తొక్కింది.

అప్పుడు దిగాం.