మస్తానయ్య ఇంజన్

అనగనగనగా, ఊరంతా బొగ్గు వాసన కొట్టే ఒక రైళ్ళ ఊరు. ముందు ఆ కాలు నా మీద నుంచి తియ్యవే బుజ్జమ్మా, అప్పుడు చెబుతా. ఆఁ. ఆ ఊళ్ళో ఒక పెద్ద ఇంజన్ల షెడ్డు. ఆ షెడ్డులో మూడు ఆవిరి ఇంజన్లు. మూడూ ఇంగ్లండు నుంచి ఒకే ఓడలో వచ్చాయి. ఒకటి ఎలా ఉంటే మిగతా రెండూ అలాగే.

అందులో ఒకదాన్ని మస్తానయ్య ఇరవై రెండేళ్ళు నడిపాడు. అప్పట్లో ఒక్కో డ్రైవరుకి ఒక్కో ఇంజన్. ఇంకెవరైనా ముట్టుకుంటే ఆయనకి ఒళ్ళు మండేది. పండక్కి తన తలకి నూనె రాసుకోవడం మర్చిపోయాడేమో గానీ, ఇంజనుకి నూనె పెట్టడం ఒక్కరోజు మానలేదు.

ఆ తర్వాత డీజిల్ ఇంజన్లొచ్చాయి. ఆవిరి ఇంజన్లని ఎండకీ వానకీ వదిలేశారు. మస్తానయ్య రిటైరయ్యాడు. అన్నేళ్ళు ఆ హోరులో నిలబడ్డాడు కదా, చెవులు పూర్తిగా పోయాయి.

అప్పుడు షెడ్డుకి కొత్త ఆఫీసరొచ్చాడు. ఆయనకి పాత ఇంజన్లంటే ప్రాణం. మస్తానయ్యని పిలిపించాడు. అరిచి చెప్పినా వినపడకపోతే కాగితం మీద రాసిచ్చాడు. "పెద్దాయనా, పైవాళ్ళు ఒక్క ఇంజన్నే ఉంచుకోనిస్తున్నారు. మిగతా రెండూ రేపు కరిగించడానికి పోతాయి. నీది ఏదో చూపించు, దాన్నే ఉంచుతా."

మస్తానయ్య భార్య వెంగమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ముందు నంబరు పలక కోసం వెతికాడు. పలకలు ఎవరో ఊడబీక్కుపోయారు. ఆ తర్వాత పైకెక్కి, తన చేతికి అరిగిన మీట కోసం వెతికాడు. మీటలూ లేవు. ఆ తర్వాత సుత్తి తీసుకుని చక్రాల మీద కొట్టాడు. తన ఇంజన్ చక్రం ఎలా మోగుతుందో ఆయనకి బాగా తెలుసు. కానీ చెవులు లేవు కదమ్మా, ఏం వినపడుతుంది?

సుత్తి పడేసి పట్టాల మీద కూలబడ్డాడు. "ఇన్నేళ్ళు నన్ను మోసింది. దాన్ని నేనే గుర్తుపట్టలేకపోతినే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

షెడ్డులో మరమ్మతులు చేసే ఫిట్టర్ ఖాసిం మనసు ఊరుకోలేదు. ఒక్కో ఇంజన్ కూత ఒక్కో తీరు కదా, అదైనా కాస్త వినపడుతుందేమోనని గాలి పంపు తెచ్చి ఇంజన్లకి తగిలించాడు. మొదటిది కూసింది. మస్తానయ్య తల అడ్డంగా ఊపాడు. రెండోది కూసింది. మళ్ళీ అడ్డంగానే ఊపాడు. మూడోది కూసింది. ఆయనకి అదీ వినపడలేదు.

కానీ నీడలో కూర్చున్న వెంగమ్మ చటుక్కున లేచింది. కొంగు దోపుకుని ఇంటివైపు గబగబా నడిచింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఎక్కడికేందయ్యా? ఆయనొచ్చేస్తుండాడు, ఎసరు పెట్టొద్దూ!" అంది. అని, నాలుగడుగులేసి తనే ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళూ ఊరి చివర ఆ కూత వినపడగానే పొయ్యి మీద ఎసరు పెట్టేదమ్మా ఆమె. ఆయన ఇంటికొచ్చి మసి కడుక్కునేసరికి అన్నం ఉడికేది.

వెంగమ్మ వెనక్కొచ్చి, మొగుడి చెయ్యి పట్టుకుని మూడో ఇంజన్ మీద పెట్టింది. ఖాసిం మళ్ళీ కూయించాడు. ఆయన అరచేతి కింద ఇనుము సన్నగా వణికింది. "ఇదేనే వెంగీ! ఇదే!" అంటూ ఆ తుప్పుకే చెంప ఆనించేశాడు.

"నా సవతిని నేను గుర్తుపట్టనా?" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

మిగతా రెండూనా? పోయాయి తల్లీ. ఆ సాయంత్రం మస్తానయ్య వాటికి కూడా నూనె పెట్టి, దండం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత తన ఇంజన్ దగ్గరికొచ్చాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెంగమ్మని దాని మీదికి రానివ్వలేదు మహానుభావుడు. ఆరోజు తనే చెయ్యిచ్చి ఎక్కించి, తన చోట కూర్చోబెట్టి, తను కింద నిలబడి చూసుకున్నాడు.

కూ కూ చుక్ చుక్ బండి,
కథని ఎక్కించుకోండి,
కంచిలో దించి రండి,
మా బుజ్జమ్మని పడుకోనివ్వండి!