ముఖ్య అతిథి పరిచయం

హైమావతి రెజ్యూమె చదివినవారెవరూ ఆమెను పిలవలేదు. మందుల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి ప్రొడక్షన్ హెడ్ దాకా ఎదిగిన మనిషి. ఆ యూనిట్ మూతపడి ఏడాది దాటింది. పంపిన చోటల్లా మౌనమే. ఇప్పుడు అనంతపురం దగ్గరే మరో మందుల కంపెనీ ప్లాంట్ హెడ్ కావాలని ప్రకటన ఇచ్చింది. యాభై దాటాక, ఇంటికి ఇంత దగ్గరలో, ఇలాంటి అవకాశం మళ్లీ రాదని ఆమెకు తెలుసు. అందుకే డిగ్రీలో తనకు కెమిస్ట్రీ చెప్పిన వకుళమ్మ దగ్గరికి వెళ్లి, ఏడు పేజీల రెజ్యూమె ముందు పెట్టి అడిగింది.

"ఇందులో ఏం తక్కువైంది మేడమ్?"

వకుళమ్మకు ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. పని చెప్పే అలవాటు ఉంది. క్లాసులోనూ అంతే, ఎందుకని అడిగినవాళ్ల చేతికి టెస్ట్ ట్యూబ్ ఇచ్చేది. ఆ పేజీలు తిరగేసి పక్కన పెట్టింది.

"ఆదివారం మా కాలనీలో మీటింగు. బోర్లన్నీ ఎండిపోయాయని, భూగర్భజలాల సంగతి తెలిసిన ఓబుళరెడ్డి గారిని పిలిచాం. ఆయన పరిచయం నువ్వు చెయ్యి," అని ఆయన బయోడేటా చేతిలో పెట్టింది.

హైమావతి ఏ పనీ సగం చేసే మనిషి కాదు. ఆదివారం సాయంత్రం మైకు ముందు నిలబడి మొదటి అక్షరం నుంచి అందుకుంది. ఆయన పుట్టిన ఊరు, చదివిన బడి, పట్టాలు, ఉద్యోగాలు, సభ్యత్వాలు, వెళ్లివచ్చిన సదస్సులు. మన సభల్లో పరిచయమంటే అంతే కదా, ఒక్కటి వదిలినా అతిథిని తక్కువ చేసినట్టు. కప్పిన శాలువా ఒళ్లో పెట్టుకుని ఓబుళరెడ్డి తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. వెనక కుర్చీలు కదిలాయి. ట్యాంకర్ వచ్చే వేళైందని కొందరు బిందెలు పట్టుకుని లేచారు.

ముందు వరసలో ఒక ముసలామె ఇక ఆగలేకపోయింది.

"యమ్మా, ఆయప్పకేమన్నా పెండ్లిచూపులా? మా బోర్లల్లో నీళ్లు పడతాయో లేదో అది చెప్పమను తల్లీ!"

జనం గొల్లుమన్నారు. హైమావతి చెవులు ఎర్రబడ్డాయి. గబగబా కాగితాలు తిప్పితే చివరి పేజీలో, సన్మానాల కింద, కావలసిన వాక్యం దొరికింది.

"పక్క ఊళ్లోనూ మీ బోర్లలాగే బోర్లు ఎండిపోయాయి. వాననీరు ఇంకించి వాటిలో మళ్లీ నీళ్లు తెప్పించింది ఈయనే," అని మైకు ఆయనకిచ్చేసింది.

లేచినవాళ్లు బిందెలు కింద పెట్టి కూర్చున్నారు.

మీటింగు ముగిసి నడిచి వస్తున్నప్పుడు హైమావతి ఊరుకోలేకపోయింది. "నేను చదివిందంతా నిజమే కదా మేడమ్. ఆయన కష్టపడి సంపాదించుకున్నదే కదా."

"ఎవరు కాదన్నారు? జనం లేచింది ఆయన గొప్ప చాలకనా?"

మర్నాడు హైమావతి కంపెనీ ప్రకటన మళ్లీ చదివింది. ఈసారి తనకేమున్నదో చూసుకోవడానికి కాదు, వాళ్లకేం లేదో తెలుసుకోవడానికి. ఆ రంగంలో ఉన్నవాళ్లను వాకబు చేస్తే, నాణ్యత చాలక వాళ్ల సరుకు వెనక్కి వస్తోందని తేలింది. పాత ఫ్యాక్టరీలో సరిగ్గా ఆ జబ్బునే తను నయం చేసింది. ఆ ముక్క తన రెజ్యూమెలో ఆరో పేజీలో, కంప్యూటర్ శిక్షణ కింద పడి ఉంది. దాన్ని అన్నిటికన్నా పైకి తెచ్చింది. ఏం చెడిందో, తనేం చేసిందో, ఎంత బాగుపడిందో రాసింది. తొలినాటి ఉద్యోగాలను ఒక్కో వరుసకు కుదించింది. బడి చదువు కొట్టేసింది. ఏడు పేజీలు రెండయ్యాయి.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఆ మాట చెప్పడానికి వెళ్తే వకుళమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలూ నిదానంగా చదివింది.

"కెమిస్ట్రీలో గోల్డ్ మెడల్ ఏదీ? నేను దగ్గరుండి ఇప్పించింది?"

"తీసేశాను మేడమ్. ఇక ఎక్కడా పెట్టను."

ఆ తర్వాత ఎక్కడికి రాసినా పెట్టలేదు కూడా.

వకుళమ్మ కాగితాలు తిరిగి ఇచ్చేసింది.

"మెడల్ నీ మెడలో వేసిన రోజే చప్పట్లు కొట్టాం కదా," అంది. "చాలు."