మొదట వేసిన పలుకు

అంకం విఠలయ్య ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాడు. ముంబై దగ్గరి భివండిలో మరమగ్గాల చప్పుడు మధ్య నలభై ఏళ్లుగా వైద్యం చేస్తున్నాడు. ఎవరేమడిగినా ముందు చేతికొక పని అప్పగిస్తాడు.

ఆయన దగ్గర మందుల తయారీ నేర్చుకుంటున్న సుగుణ ఒక మంగళవారం పొద్దున్నే వచ్చి అడిగింది. "అయ్యా, మా బిడ్డ రవళికి దినాం తెలుగు చెప్తున్న. ఒక్క ముక్క నిలుస్తలేదు. నేను తెలుగుల అడిగితే అది హిందీల జవాబిస్తది. ఏడాది సిరిసిల్లల మా అమ్మ దగ్గర ఉంచుదామని సోమవారం రైలుకు టికెట్ తీసుకున్న. పిల్లను విడిచి ఉండలేను. ఇట్లనే వదిలెయ్యలేను. ఏం జెయ్యాలె?"

విఠలయ్య పొయ్యి మీది గిన్నె చూపించాడు. దగ్గు మందుకు పటికబెల్లం కావాలి. చిక్కటి చక్కెర పాకంలో పటికబెల్లం పలుకు ఒకటి దారానికి కట్టి వేలాడదీస్తే, దాని చుట్టూ గడ్డ కడుతుంది. సుగుణ ఆత్రం కొద్దీ పాకం కుదరకముందే పలుకును దించింది. కాసేపటికి పైకి తీస్తే, పలుకు పాకంలో కరిగిపోయి వట్టి దారం వచ్చింది.

ఆమె మొహం చిన్నబోయింది. "చూసిన్రా అయ్యా, ఇంట్ల గూడ గిదే కథ!"

"నీళ్ల చేతులు ఇంక ఖాళీగున్నయ్ బిడ్డా. ఏది వేసినా పట్టుకొని విడదీస్తయ్. అవి నిండేదాక చక్కెర పొయ్యి. గంటెలు లెక్కవెట్టకు."

ఆమె అదే పాకంలో పోసింది. ఎంత పోసినా ఏమీ పోయనట్టే పాకం తేటగా ఉంది. చివరికి ఇక కరగదన్నాక వడగట్టి, చల్లార్చి, కొత్త పలుకు దించి గుడ్డ కప్పారు. ఆదివారం దాకా తాకవద్దన్నాడు విఠలయ్య. సుగుణ రోజూ వచ్చి గిన్నె పక్కనే నిలబడేది.

"ఏందమ్మా, పాకానికి కావలి కాస్తున్నవా? అది యాడికీ పోదు," అని నవ్వేవాడు.

ఆదివారం గుడ్డ తీశారు. దారం పొడుగునా గాజులా మెరిసే గడ్డలు. అన్నిటికీ ఒకే తీరు మూలలు, ఉలి తగలని నునుపు. సుగుణ రెప్పవేయడం మరిచింది.

"గింత సక్కగ ఎవలు చెక్కిన్రు?"

"ఎవలూ చెక్కలే. మొన్న నీళ్లను పట్టుకున్న చక్కెర చేతులే, ఇయ్యాల ఒకదాన్నొకటి పట్టుకున్నయ్. వాటికి కుదిరే తీరు అదొక్కటే."

ఆమె మెల్లగా అడిగింది. "మరి నేను తొందరపడి మొదట వేసిన పలుకు? అది పోయినట్టేనా?"

విఠలయ్య ఆ గడ్డల దారాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

"దీంట్ల అది లేని ముక్క ఏదన్న ఉంటే విరిచి చూపియ్యి. చూపిస్తెనే రేపు పిల్లను రైలెక్కియ్యి."