ఒక్క పంక్తి శాసనం, మూడు రోజుల మౌనం

అనగనగా అని ఒక్కసారి అంటే కదిలే కథ కాదిది. మూడుసార్లు అనండి. అన్నారా? అయితే వినండి.

సముద్రం ఒడ్డున మొగలిపట్నం అని ఒక రాజ్యం ఉండేది. ఎంత చిన్నదంటే, తూర్పు పొలిమేరలో ఎవరైనా తుమ్మితే పడమటి పొలిమేరలోని ముసలమ్మలు "చిరంజీవ" అనేవారు. ఎంత గొప్పదంటే, ఆ రేవులో నిలిచిన ఓడల తెరచాపల నీడన మూడు ఊళ్ళ జనం ఎండ తగలకుండా నడిచిపోయేవారు. అక్కడ ఇళ్ళన్నీ తాటాకు ఇళ్ళే.

ఆ రాజ్యాన్ని కుముదసేనుడనే రాజు ఏలుతుండేవాడు. పాతికేళ్ళవాడు. పదేళ్ళ ప్రాయంలోనే మదమెక్కిన ఏనుగును ఒక్క చూపుతో ఆపాడు. ఆ ఏనుగు ఆ తరువాత కూడా రాజుగారు ఎదురైతే తొండం ముడుచుకుని పక్కకు తప్పుకునేది. ఇంతటి మొనగాడికి ఒక్కటే చేతకాదు. నోరు మూసుకుని కూర్చోవడం.

ఒక ఎండాకాలం నడినెత్తిన పొద్దు ఉండగా, పడమటి గాలి రివ్వున వీస్తుండగా, కుమ్మరి వీధిలో ఒక పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచింది. ఒక కప్పు అంటుకుంది. ఆ కప్పు నుంచి పక్క కప్పు, దాన్నుంచి మరొకటి. నలభై ఇళ్ళు కాలాయని లెక్క తెలిసినవాళ్ళు చెబుతారు. ఆకాశం కూడా ఒక మూల కమిలిందని నేను చెబుతాను.

రాజుగారు ఆ మంటల్లో దూకి తనను పెంచిన దాదిని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ప్రాణం దక్కింది గానీ ఆమె చేతులు రెండూ కాలిపోయాయి. చిన్నప్పుడు తనకు గోరుముద్దలు పెట్టిన ఆ చేతులతో ఆమె ఇప్పుడు తన ముద్ద తాను కలుపుకోలేదు. రోజూ ఎవరో ఒకరు తినిపించాలి. అది రాజుగారు రోజూ చూసేవాడు. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి ఈ ఏడు తన ఊళ్ళో ఒక్క కప్పు కూడా కాలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

పెట్టుకుని, తానే గంటం తీసుకుని, తాటాకు మీద ఒకే ఒక పంక్తి రాశాడు.

"ఎండాకాలం మూడు నెలలూ పగటిపూట ఎవరు పొయ్యి వెలిగించినా వారి ఇంటికప్పు ఊడదీయబడును."

రాసి, తనకు తానే మెచ్చుకుని, దండోరా వేయించబోయాడు. అయితే మొగలిపట్నంలో ఒక పద్ధతి ఉంది. రాజుగారు రాసిన ఏ శాసనమైనా దండోరాకు వెళ్ళేముందు ముసాయిదాగా సలహామండలి గడప తొక్కాలి.

ఆ మండలికి శాసనాన్ని ఆపే అధికారం లేదు. చించే అధికారం అసలే లేదు. చదువుతారు, పరీక్షిస్తారు, తమ అభిప్రాయం ఒక ఆకు మీద రాసి పంపుతారు. ఆ ఆకును రాజుగారు కళ్ళకద్దుకోవచ్చు, విసనకర్రగా వాడుకోవచ్చు. ఆయన ఇష్టం.

మండలిలో ఉన్నది ముగ్గురు. పాత శాసనాలన్నీ తెలిసిన అప్పలాచార్యులు. పూటకూళ్ళ ఇల్లు నడిపి, ఊరందరి ఆకలీ ఎరిగిన నూకాంబ అనే పెద్దావిడ. ఇళ్ళకు తాటాకు కప్పే గవరయ్య. గవరయ్య నిచ్చెన ఎక్కితే, కింద నిలబడ్డవాడు తలెత్తేలోపు కప్పు పూర్తయి వాన కూడా కురిసి వెలిసిపోయేదట.

రాజుగారు ముసాయిదా పంపుతూ, సాయంత్రానికల్లా అభిప్రాయం కావాలని కబురు పెట్టాడు. మూడు రోజులు కావాలని మండలి జవాబు. ఒక్క పంక్తికి మూడు రోజులేమిటి, ఒక్క రోజులో తేల్చమని రెండో కబురు. మూడు రోజులని మళ్ళీ అదే జవాబు. ఈ లోపల ఏ ఇల్లు అంటుకున్నా ఆ పాపం మీదేనని మూడో కబురు. దానికీ అదే జవాబు.

రాజుగారికి కోపం వచ్చింది. కోపం వెనకాలే ఒక వింత కుతూహలం కూడా వచ్చింది. ఆ ముగ్గురూ లోపల తలుపేసుకుని మూడు రోజులు ఏం చేస్తారు? అక్షరాలు తూకం వేస్తారా? చాపలేసుకుని పడుకుంటారా? ఊళ్ళో ఎవరిని అడిగినా తలో మాట చెప్పారు. చూసొచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు. సరే, నేనే చూస్తానని కిరీటం తీసి పక్కనపెట్టి, నడుచుకుంటూ మండలికి వెళ్ళాడు.

లోపల మూడు చాపలు, ఒక కుండెడు నీళ్ళు, గోడవారన రాగిరేకుల పెట్టె. అంతే. నూకాంబ ఇంకో చాప పరిచింది. కూర్చోవచ్చని, అయితే ముసాయిదా రాసినవాడు ఇక్కడ నోరెత్తకూడదని, అభిప్రాయం పూర్తయ్యేదాకా అదే నియమమని చెప్పింది.

ఎందుకని రాజుగారు అడిగాడు.

"నాయనా, రేపు ఈ ఆకు ఊరూరా తిరుగుతుంది. దాని పక్కనే నువ్వూ నడిచి, గడపగడపకీ అర్థం చెప్పుకుంటూ వెళతావా? వెళ్ళవు కదా. మరి ఇక్కడ మాత్రం ఎందుకు చెప్పడం? అది ఏం చెబుతుందో అదే చెప్పనీ."

రాజుగారు ఆ నాలుగో చాప మీద కూర్చున్నాడు.

మొదటి రోజు అప్పలాచార్యులదే. ఆయన జ్ఞాపకశక్తి ఎలాంటిదంటే, తాను పుట్టిననాడు మంత్రసాని ఏ రంగు చీర కట్టుకుందో చెప్పేవాడు. ఆయన రాగిరేకులు ఒక్కొక్కటే తీసి ముసాయిదా పక్కన పెట్టి చూశాడు. పాత రాజులు ప్రజలకిచ్చిన మాటలు వాటి మీద చెక్కి ఉన్నాయి. కొత్త శాసనం ఆ మాట తప్పిస్తుందా అని చూడడం ఆయన పని. మధ్యాహ్నానికి పదిహేడో రేకు దగ్గర ఆగాడు. "పురిటి ఇంట నిప్పును ఏ రాజూ ఆర్పరాదు" అని ఉంది దాని మీద. బాలింతకు వేణ్ణీళ్ళు కావాలి, బిడ్డకు వెచ్చదనం కావాలి. రాయించింది కుముదసేనుడి తాతగారే.

రాజుగారు చటుక్కున లేచాడు. పురిటి ఇళ్ళ జోలికి వెళ్ళడం తన ఉద్దేశం కానే కాదని చెప్పాలని నోరు తెరిచాడు. నూకాంబ వేలు పెదాల మీద పెట్టుకుంది. నీ మనసులో ఉన్నది ఆకు మీద లేదు, ఊడదీసేవాడికి ఆకే కనిపిస్తుంది అంది. తెరిచిన నోరు మూయడానికి రాజుగారు పడిన కష్టం ముందు ఆ మదపుటేనుగు ఒక లెక్కా?

అంతలో భోజనాల వేళయింది. అప్పుడు తెలిసింది రాజుగారికి రెండో నియమం. ముసాయిదా లోపలికి వచ్చిన క్షణం నుంచీ ఆ గదిలో అదే చట్టం. పగలు పొయ్యి వెలగదు. నానబెట్టిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు, రాత్రి మిగిలిన చద్దన్నం. పుట్టి బుద్ధెరిగాక పొగలు కక్కని అన్నం ముట్టని మహారాజు, దోసకాయ ముక్కను శత్రురాజు పంపిన లేఖను చూసినట్టు చూశాడు. మాట్లాడడానికి లేదు కనుక తిన్నాడు.

రెండో రోజు నూకాంబది. ఈ శాసనం ఎవరి మీద పడుతుందో వాళ్ళను పిలిపించి చదివి వినిపించడం ఆమె పని. కుండలు చేసే ఆయన వచ్చాడు. బట్టలు ఉడకబెట్టి ఉతికే ఆవిడ వచ్చింది. ఉప్పుచేపలు కాల్చి అమ్ముకునే తాత వచ్చాడు. నూకాంబ ఒక్కొక్కరికీ ఆ పంక్తి ఒక్కసారే చదివి, మరి నువ్వేం చేస్తావని అడిగింది. అర్థం చెప్పలేదు, సర్దిచెప్పలేదు.

ముగ్గురూ గొణిగారు. తాత మాత్రం, రాజుగారు మూలన ఉన్నట్టు చూసుకోక, ఇది రాసినవాడు ఎన్నడూ పొయ్యి ఊది ఉండడు అని నవ్వాడు. రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. అయితే చివరికి ముగ్గురూ ఒప్పుకున్నారు. పగలు వెలిగించం, పొద్దు వాలగానే వెలిగించుకుంటాం అన్నారు.

రాజుగారు పొంగిపోయాడు. మాట్లాడకూడదు కనుక తొడ చరుచుకున్నాడు. ఆ చప్పుడుకు రేవులో ఓడలు లంగరు తెంపుకోబోయాయి. చూశారా, అందరూ నా మాట వింటారు, ఇంకేం కావాలి అన్నట్టు మండలి ముగ్గురి వంకా చూశాడు.

గవరయ్య మాత్రం నవ్వలేదు. బయటికి వెళ్ళి, వేలు తడిచేసుకుని గాలిలోకి ఎత్తి, పొద్దు వాలేదాకా అలాగే నిలబడ్డాడు.

మూడో రోజు అతనిది. శాసనాన్ని చేసి చూడడం అతని పని. పొద్దున్నే బండెడు తాటాకు సముద్రపు ఒడ్డుకు తోలించాడు. ఇసుకలో మోకాలెత్తు గుడిసెలు కట్టడం మొదలుపెట్టాడు. అతని వేళ్ళు ఎంత వేగంగా ఆడాయంటే, పక్కన గూడు అల్లుకుంటున్న పిచ్చుక సిగ్గుపడి ఎగిరిపోయింది. మధ్యాహ్నానికి నలభై గుడిసెలు లేచాయి. మలుపుతో సహా అచ్చం కుమ్మరి వీధి. రాజుగారు కుతూహలం పట్టలేక తానూ మోకాళ్ళ మీద కూర్చుని తాటాకు అందించాడు. వీధి చివరి గుడిసె తన దాదిదని గుర్తుపట్టాడు. దాని ముందు ఒక గవ్వను గడపలా పెట్టాడు కూడా.

మిట్టమధ్యాహ్నం పడమటి గాలి వడగాలై కొట్టింది. ఏ గుడిసెలోనూ నిప్పు లేదు. ఏమీ కాలేదు. రాజుగారు గర్వంగా చుట్టూ చూశాడు.

పొద్దు వాలింది. అప్పుడు గవరయ్య, ఊరివాళ్ళు చేస్తామన్నట్టే, ఆ వీధివాళ్ళనే పిలిచి, నలభై గుడిసెల్లోనూ ఒక్కో నిప్పుకణిక పెట్టించాడు. రోజూ ఒకరు పొద్దున, ఒకరు మధ్యాహ్నం వెలిగించే పొయ్యిలు ఇప్పుడు నలభైకి నలభై ఒకే ఘడియలో వెలిగాయి. ఆకలితో ఉన్న ఊరు ఆగుతుందా మరి?

సరిగ్గా ఆ ఘడియలోనే సముద్రపు గాలి తిరిగింది.

ఒక రవ్వ లేచింది. రెండోది లేచింది. మూడోది లేచేసరికి ఏది ఏ ఇంటిదో తెలియలేదు. ఒక కప్పు ఆర్పుదామంటే ఖాళీగా ఉన్న చెయ్యి లేదు, ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళున్నారు. మంట మలుపు తిరిగి వీధి చివరికి పరిగెత్తింది.

రాజుగారు ఏ నియమమూ గుర్తులేనివాడై దూకాడు. గవ్వ గడప ఉన్న గుడిసెను రెండు చేతులతో పట్టి పీకబోయాడు. అది చేతుల్లోనే మండింది. అరచేతులు చుర్రుమన్నాయి. ఆ చేతుల వంక చూసుకుంటూ ఇసుకలో కూలబడ్డాడు.

"అవ్వా, నేను రాసింది దండోరా వేసి ఉంటే మళ్ళీ మా దాది ఇల్లే కాలేది" అన్నాడు. అని, నోరెత్తకూడదన్న సంగతి గుర్తొచ్చి తల వంచుకున్నాడు.

నూకాంబ అతని చేతులకు తడిగుడ్డ చుట్టింది.

"రాసినవాడిగా మాట్లాడకూడదు నాయనా. కాలినవాడిగా ఎంతసేపైనా మాట్లాడొచ్చు. చెప్పు, ఆ వీధిలో ఉండేవాడివైతే ఏం కావాలంటావు?"

అప్పుడు మాట్లాడాడు కుముదసేనుడు. పొద్దుటి పూట గాలి ఉండదా అని అడిగాడు. తొలికోడి కూసింది మొదలు బారెడు పొద్దెక్కేదాకా ఆకు కూడా కదలదని గవరయ్య చెప్పాడు. ఆ వేళలో వండుకుంటే సాయంత్రానికి చద్ది సరిపోతుందా అని నూకాంబను అడిగాడు. సరిపోతుంది గానీ, ఊరంతా ఒకేసారి కాకుండా వీధికో వంతు పెట్టాలంది ఆమె. పురిటి ఇంటిని ఏం చేయాలని అప్పలాచార్యుల్ని అడిగాడు. నిప్పు ఉండనిచ్చి, పక్కన నీళ్ళ కుండలతో ఇద్దరిని కాపలా ఉంచాలన్నాడు ఆయన. కుండలు కాల్చే ఆవం, బట్టలు ఉడకబెట్టే బాన ఏటి ఒడ్డుకు మార్చాలన్నారు. ముగ్గురూ ఇదంతా అభిప్రాయంగా ఆకు మీద రాసి, రాజుగారి చేతికే ఇచ్చారు.

రాజుగారు ఆ ఆకు పట్టుకుని, నేను రాకపోయి ఉంటే ఏం చేసేవాళ్ళని అడిగాడు.

"ఇదే రాసి పంపేవాళ్ళం ప్రభూ" అన్నాడు అప్పలాచార్యులు. "మా చేతిలో ఉన్నది గంటం. ముద్ర మీ దగ్గరే ఉంది."

రాజుగారు చాలాసేపు ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనం ఎవరో విధించింది కాదు. తరువాత తన పంక్తిని తానే కొట్టేసి, మండలి చెప్పినట్టు కొత్త శాసనం రాసి, ముద్ర వేసి దండోరా వేయించాడు. శిక్ష మాత్రం పాతదే ఉంచాడు. వేళ తప్పి పొయ్యి వెలిగిస్తే, ఎవరిదైనా సరే, కప్పు ఊడదీయడమే.

ఆ ఎండాకాలం ఎలాంటిదనుకున్నారు? సముద్రంలో చేపలు ఉడికి ఒడ్డుకు కొట్టుకొస్తే జనం ఉప్పు చల్లుకు తిన్నారు. అంతటి ఎండలోనూ మొగలిపట్నంలో ఒక్క కప్పు కాలలేదు. ఊడదీసింది మాత్రం ఒక్కటుంది. ఒకనాటి మధ్యాహ్నం చద్దన్నం మొహం మొత్తి, రాజుగారు కోట పెరట్లోని వంటసాలలో వేడివేడిగా పెసరట్లు వేయించుకున్నాడు. వాసనతో ఊరందరికీ తెలిసిపోయింది. గవరయ్య నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. కాపలావాళ్ళు కత్తులు దూశారు. రాజుగారు మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చి, నిచ్చెన కదలకుండా తానే పట్టుకున్నాడు.

కనుక పిల్లలూ, పదిమంది నడుచుకోవాల్సిన చట్టాన్ని రాసేవాడు ముందు తాను దాని కింద కూర్చోవాలి, దాని వేడి తగిలేవాళ్ళ మాట నోరు మూసుకుని వినాలి.