వీపు ఎండకు పెట్టిన నీలిపువ్వు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, మేఘవతి అని ఒక మేనకోడలు. తనను పెళ్ళాడనందని కరాళుడనే మాంత్రికుడు మేఘవతిని రాతిబొమ్మను చేసి, రాజుగారి తోటలోనే నిలబెట్టాడు.

“మంచుకొండ మీది నీలిపువ్వు ఈ తోటలో పూస్తే మళ్ళీ మనిషవుతుంది. మిగిలినవి మూడే మొక్కలు. తెచ్చుకోండి!” అని నవ్వి పోయాడు.

పెద్దవాడు ఏడు లోయలు దాటి ఒక మొక్క తెచ్చాడు. మెత్తటి ఎరువులో లోతుగా పాతి, పూటపూటా పాలు పోశాడు. దుంప కుళ్ళిపోయింది. నడిపివాడు ఏడు లోయలు దాటి ఇంకొకటి తెచ్చాడు. ఎండ తగలకుండా పట్టుపందిరి వేశాడు. ఆకులు ఏపుగా పెరిగి, పువ్వు లేకుండానే వాలిపోయాయి.

చిన్నవాడు వసుచంద్రుడు ఏడు లోయలు దాటి వెళ్ళేసరికి, చివరి మొక్క పక్కన ఒక కొండమేక నిలబడి ఉంది.

“మీ అన్నలు తీసుకెళ్ళిన మొక్కలనేం చేశారు నాయనా?” అని అడిగింది మేక.

“పాలు పోశారు. పందిరి వేశారు.”

“ముద్దు చేసి చంపారన్నమాట! ఇది ఎలా బతుకుతోందో చూడు.”

వసుచంద్రుడు వంగి చూశాడు. అల్లంకొమ్ములాంటి దుంప రాళ్ళ మధ్య సగం బయటికే ఉంది, వీపు ఎండకు పెట్టుకుని.

“చలికి ఆకులు ఎండుతాయి. భయపడి నీళ్ళు పోయకు,” అంది మేక. “ఇంకో మాట. కరాళుడి ప్రాణం ఒక చేపపిల్లలో ఉంది. అది ఉన్న కడవను వాడు ఎవరి చేతికీ ఇవ్వడు.”

తోటకు తిరిగొచ్చి, మేఘవతి పాదాల దగ్గర రాళ్ళు పేర్చి, వసుచంద్రుడు దుంపను అలాగే నాటాడు. చలికాలం వచ్చింది. ఆకులు ఎండాయి. అతనికి అన్నం సహించలేదు. చేయి చెంబు మీదికి పోయేది, వెనక్కి తీసుకునేవాడు.

అప్పుడొచ్చింది ఒక అవ్వ, చంకలో కడవతో.

“దాహంతో చస్తోంది కదయ్యా! నీ బిడ్డయితే ఇలాగే చూస్తూ కూర్చుంటావా?”

ఆ మాట సూటిగా తగిలింది. అతను చేయి చాచేశాడు. “ఇలా ఇవ్వు అవ్వా, నేనే పోస్తాను.”

“అమ్మో, కడవ ఇవ్వను! దోసిలి పట్టు.”

అంత జాలిపడే మనిషికి కడవ మీద ఇంత పట్టా? మేక మాట గుర్తొచ్చింది. కడవ లాక్కుని, దూరంగా ఎండ పడుతున్న బండ మీద బోర్లించాడు. చేపపిల్ల గిలగిల కొట్టుకుని చచ్చింది. అవ్వ వేషం ఊడి కరాళుడు కూలిపోయాడు.

మేఘవతి మాత్రం రాయిగానే ఉంది. పువ్వు పూయాలి కదా!

ఎండలు ముదిరే ముందు దుంప పక్కనుంచి పచ్చటి కత్తిలాంటి ఆకు లేచింది. తర్వాత మొగ్గ తొడిగింది. ఒక ఉదయం నీలిపువ్వు విచ్చుకుంది.

“బావా, కాళ్ళు తిమ్మిరెక్కాయి,” అంది మేఘవతి.

ఇద్దరికీ పెళ్ళయింది. చాలాకాలం రాజ్యం ఏలారు. పిల్లలు నడక నేర్చుకుంటూ తూలినప్పుడల్లా, వసుచంద్రుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేవాడట.