మూడో కుళాయి

ఆ పశువుల పాకల పక్కగా, ఊళ్లో వంటిళ్లకు గ్యాస్ తీసుకుపోయే గొట్టం ఉంది. అది ఎక్కడైనా కారితే పసిగట్టే పని కుక్క గంటయ్యది. ఈమధ్య జలుబు చేసి లేచాక ముక్కు మొద్దుబారిందేమోనని అతనికే లోలోపల బెదురు.

"నీ ముక్కు మీద నమ్మకం లేక కాదు గంటయ్యా," అన్నాడు పాకల పెద్ద, ముసలి ఎద్దు పోలన్న. "గొట్టానికి ఐదు కుళాయిలు పెట్టించాను. కొన్ని తిప్పి ఉంచుతాను. ఏది కారుతోంది, చెంబుడంత కొంచెమా బిందెడంత ఎక్కువా, నువ్వు చెప్పాలి. తప్పితే కాపలా ఇంకొకరికి."

"పరీక్ష పెట్టండి బాబూ," అంది కోడి చుక్కమ్మ. "నా పిల్లలు పడుకునేది ఆ గొట్టం పక్కనే."

కాసేపటికి నక్క నాంచారయ్య కంచె సందులోంచి తల పెట్టాడు.

"బావా, పోలన్న తిప్పుతుంటే చూశాను. రెండోది చెంబుడు, ఐదోది బిందెడు. బదులుగా ఇకమీదట నన్ను చూసి మొరగకు, చాలు."

గంటయ్య సరే అన్నాడు. అన్నందుకు సిగ్గేసింది. పదవి పోతే ఇంకా సిగ్గు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ చూస్తుండగా తలెత్తుకుని నడిచాడు. మూడో కుళాయి దగ్గర గుప్పున వాసన కొట్టింది, కళ్లు మండాయి. అయినా ఆగలేదు.

"రెండోది చెంబుడు, ఐదోది బిందెడు," అన్నాడు.

పోలన్న నెమరు ఆపాడు. "కుళాయిల దగ్గర బురదలో నక్క అడుగులు కనిపించాయి. అందుకే అవి రెండూ కట్టేసి మూడోది తిప్పాను. అక్కడ నీకు వాసనే రాలేదా?"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని తెలిసొచ్చి, చాటునుంచి చూస్తున్న నాంచారయ్య అప్పటికే కంచె దాటాడు. గంటయ్యకు దాటే దారి లేదు. రాలేదంటే ముక్కు పోయిందని జాలిపడతారు. ఆ జాలి తీసుకోవడానికి మనసొప్పలేదు.

"వచ్చింది," అన్నాడు నేల చూస్తూ. "బిందెడు."

చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"ముక్కు పోయిందంటే నీ పక్కనే ఉండేదాన్ని అన్నయ్యా," అంది మెల్లగా. "వాసన తగిలీ దాటిపోయావు."

గంటయ్య తల ఎత్తలేకపోయాడు.

జవాబు ముందే ఇంకొకరి దగ్గర పుచ్చుకున్నవాడు, తనకు తెలిసిన జవాబు కూడా పోగొట్టుకుంటాడు.