సగం విభూతి

నుదుటికి ఎడమవైపు మంట మొదలైన రోజు విరూపాక్షి సంతోషించాడు. తన తపస్సు పండిందని, మూడో కన్ను తెరుచుకోబోతోందని అనుకున్నాడు. మూడో కన్ను నుదుటి నడుమ కదా తెరుచుకోవాలి, పక్కకెందుకు జరిగిందన్న అనుమానం మాత్రం అతనికి రాలేదు పాపం.

కొండ మీది మఠానికి ఎగువన ఉన్న గుహలో అతను ఒంటరిగా మౌనవ్రతంలో ఉన్నాడు. శివరాత్రి దాకా ఎవరితోనూ మాట్లాడనని, ఎవరి సాయమూ కోరనని గురువు నంజుండయ్య స్వామికి మాటిచ్చి వచ్చాడు.

"మౌనం చాల్లేప్పా. సాయం కోరకపోవడం ఎందుకు?" అన్నాడు స్వామి అప్పుడు. విరూపాక్షి వినలేదు. తోటి శిష్యులెవరూ అంత కఠినమైన వ్రతం పట్టలేదు మరి.

మంట ఉన్నచోట నీటిపొక్కులు లేచాయి. గుత్తులు గుత్తులుగా నుదుటి నడిమి దాకా వచ్చి, గీత గీసినట్టు అక్కడే ఆగిపోయాయి. కుడివైపు ఒక్కటీ లేదు. వెంట్రుక తగిలినా ప్రాణం పోయినట్టుండేది. తర్వాత ఎడమ కన్ను ఎర్రబడింది. వెలుగు చూడలేకపోయాడు.

రోజూ ఎవరో వచ్చి గుహ ముందు బండ మీద అన్నం పెట్టి వెళ్లేవారు. ఆ అడుగుల చప్పుడు దూరమవుతుంటే అతనికి ఏడుపొచ్చేది. ఒక్క పిలుపు పిలిస్తే చాలు, వెనక్కి వస్తారు. కానీ పిలిస్తే వ్రతం పోతుంది. కన్ను పోతుందేమోనన్న భయం చెప్పుకోవడానికి ఆ గుహలో గోడలు తప్ప ఎవరూ లేరు.

ఒక పొద్దున ఊట దగ్గర స్నానం చేసి వస్తుంటే నంజుండయ్య స్వామి ఎదురయ్యాడు. విరూపాక్షి మొహం తిప్పుకున్నాడు గానీ స్వామి చూడనే చూశాడు. శిష్యుడి నుదుట విభూతి రేఖలు మూడూ కుడివైపే ఉన్నాయి. ఎడమ సగం ఖాళీ.

స్వామి సంచిలోంచి విభూతి తీసి వేలికి అద్దుకుని, మిగతా సగం దిద్దబోయినట్టు చెయ్యి చాపాడు.

వేలు ఇంకా తగల్లేదు.

"అమ్మా, వద్దు స్వామీ," అని వెనక్కి గెంతాడు విరూపాక్షి.

"మౌనం పోయింది," అన్నాడు స్వామి వేలు దులుపుకుంటూ. "ఇంక చెప్పు. ఎక్కడ నొప్పి?"

విరూపాక్షి అంతా చెప్పాడు, మూడో కన్ను సంగతితో సహా. స్వామి అతని ముక్కు కొన మీద కొత్తగా లేచిన పొక్కును దగ్గరగా చూశాడు.

"మూడోదాని సంగతి తర్వాత చూద్దాంలే. ముందు ఉన్న రెండూ నిలవాలి. పద."

ఇద్దరూ మెట్లు దిగారు. అడుగున రాతి తోరణం దగ్గర విరూపాక్షి ఆగిపోయాడు. ఆ తోరణం దాటనని స్వామి జుట్టు నల్లగా ఉన్న రోజుల్లోనే వ్రతం పట్టాడు. కన్నతల్లి పోయినప్పుడు కూడా దాటలేదు. ఇప్పుడు మాత్రం ఇంటి గడప దాటినట్టు దాటి, బస్సుకు చెయ్యెత్తాడు.

పట్నంలో కంటి డాక్టరమ్మ చూసి, "అక్కి ఇది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అంది.

"పోసింది."

"అది పూర్తిగా పోదు. నరంలో దాక్కుని ఇప్పుడు లేచింది. ముక్కు కొనకూ కంటికీ ఒకటే నరం. అక్కడ పొక్కు కనబడ్డాక ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇంకా ఆలస్యం చేసుంటే చూపు దక్కేది కాదు."

మాత్రలు, కంట్లో వేసుకునే చుక్కలు రాసిచ్చింది. మానేదాకా విభూతి, పసుపు, ఏదీ పూయొద్దంది.

తిరుగు బస్సులో గాలి తగలకుండా స్వామి తన కండువాను శిష్యుడి మొహానికి అడ్డం పట్టుకుని కూర్చున్నాడు.

"నా వల్ల మీ వ్రతం పోయింది స్వామీ," అన్నాడు విరూపాక్షి. "ఎవర్నైనా తోడు పంపిస్తే సరిపోయేది కదా?"

స్వామి జారిన కండువాను మళ్లీ సర్ది పట్టుకున్నాడు.

"నువ్వు పిలిచి ఉంటే పంపేవాణ్ణప్పా," అన్నాడు. "పిలవలేదు కదా, అందుకే నేనే రావాల్సొచ్చింది."